నలభై కిలోమీటర్ల నాడి

మనిషి గుండెకూ, ఆ గుండెను పరీక్షించే డాక్టరుకూ మధ్య నలభై కిలోమీటర్లకు తగ్గకుండా దూరం ఉండాలని సంజీవచ్ఛత్ర ఆరోగ్య బీమా సంస్థ నిర్ణయించే నాటికి, యాళ్ళ భూషణం గారి గుండెకూ డాక్టర్ ఎస్తేరు గారి స్టెతస్కోపుకూ మధ్య ఉన్నది ఒక సందు. దాని వెడల్పు పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. ఈ లెక్క ఊరివాళ్ళ అంచనా కాదు. భూషణం గారు స్వయంగా టేపు పెట్టి కొలిచినది.

భూషణం గారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన సర్వీసులో ఉన్న రోజుల్లో బజారు మొదట్లో కనిపిస్తే చాలు, బజారు చివరి కొట్టులో త్రాసు ముల్లు దానంతటదే మధ్యకు వచ్చి నిలబడేదని ఏనుగులపాలెంలో చెప్పుకునేవారు. కొలవనిదాన్ని నమ్మకపోవడం, కొలిచినదాన్ని వదలకపోవడం ఆయనకు ఉద్యోగం నేర్పిన మతం. అసలు మతం విషయంలో మాత్రం, తగిన కొలమానం వచ్చినప్పుడు చూద్దామని తీర్పు వాయిదా వేసుకున్నారు. భార్య సీతారత్నం గారు ఆ వాయిదాను ఖాతరు చేయకుండా ఇద్దరి తరఫునా తనే దణ్ణాలు పెట్టుకునేవారు.

ఆయన ఎడమ భుజం దిగువన, చర్మం లోపల, ఒక పేస్‌మేకర్ ఉంది. బద్ధకించిన గుండెను అది వేళకు తట్టి పనిలో పెడుతూ ఉంటుంది. దాని యోగక్షేమాలు తెలుసుకోవడానికి డాక్టరు దగ్గర ఒక పెట్టెలాంటి యంత్రం ఉంటుంది. దాని తీగ చివరి బిళ్ళను ఛాతీకి ఆనిస్తే, లోపలి బ్యాటరీ ఎంత మిగిలిందో తెర మీద కనిపిస్తుంది. ఎస్తేరు గారి తండ్రి ఒకప్పుడు భూషణం గారితో కలిసి అదే శాఖలో పనిచేశారు. అందుకని ఆవిడకు ఆయన బాబాయ్ గారు. ఆస్పత్రికి వెళ్ళబోతూ పెట్టె పట్టుకుని సందు దాటి వచ్చి, బిళ్ళ ఆనించి, సీతారత్నం గారిచ్చిన కాఫీ తాగి వెళ్ళడం ఆవిడకు అలవాటు.

ఆ రోజు కాఫీ చల్లారిపోయినా ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

“బాబాయ్ గారూ, బ్యాటరీ చివరికొచ్చేసిందండి. మార్చేద్దాం. నెలో, రెండు నెలలో అని గట్టిగా చెప్పలేను.”

“ఆగిపోతే?”

“మీ గుండె సొంతంగా కొట్టుకుంటుంది. కాకపోతే మీరు నిలబడ్డానికి అది చాలదు.”

“సొంతంగా చేసే పనులన్నీ ఈయనకి అంతేలేమ్మా,” అన్నారు సీతారత్నం గారు. అన్నారే గాని, పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఆపరేషను జిల్లా కేంద్రంలోని ఆస్పత్రిలో ఎస్తేరు గారే చేయగలరు. గంట పని. కానీ దానికి ముందు బీమా సంస్థ అనుమతి కావాలి. సంస్థ గుర్తు గొడుగు కావడం వల్ల దాన్ని జనం గొడుగు కంపెనీ అనేవారు. ఆ గొడుగు మడత విప్పవలసిన అధికారి జిల్లా సమన్వయకర్త శ్రీ చిదానందం గారు. భూషణం గారు సతీసమేతంగా వెళ్ళి ఆయనను దర్శించుకున్నారు.

చిదానందం గారు కాగితాల వంక కాకుండా భూషణం గారి ఛాతీ వంక కొంతసేపు చూశారు.

“తమ డాక్టరు తమను ప్రత్యక్షంగా చూస్తున్నారన్నమాట.”

“మరేనండి. ఎదురిల్లే.”

“ముట్టుకుంటున్నారా?”

“నాడి చూడాలంటే ముట్టుకోవాలి కదండీ.”

“అక్కడే మా అభ్యంతరం,” అన్నారు చిదానందం గారు. “సమీప దర్శనం వల్ల వైద్యునికి రోగిపై సానుభూతి జనిస్తుంది. సానుభూతి జనించిన చోట నిష్పాక్షికత నశిస్తుంది. నిష్పాక్షికత నశించిన చోట శస్త్రచికిత్సలు ప్రబలుతాయి. అందువల్ల సంస్థ ఇటీవల దూరవైద్య విధానాన్ని సంపూర్ణంగా స్వీకరించింది. శస్త్రచికిత్సకు పూర్వం తమ నమోదిత వైద్యురాలితో తెర మీద మూడు దూర సంప్రదింపులు జరగాలి. ప్రతి సంప్రదింపునూ సంస్థ పక్షాన నేను పర్యవేక్షిస్తాను. ఉభయుల మధ్యా నలభై కిలోమీటర్ల అంతరం అనివార్యం.”

“ఆవిడ మా ఎదురింట్లో ఉంటారండి,” అన్నారు భూషణం గారు మళ్ళీ.

“అది తమ వ్యక్తిగత దురదృష్టం.”

“పోనీ, దూరంగా ఉన్న ఇంకో డాక్టరుతో మాట్లాడితే?”

“తమను ఎరుగని వైద్యుడు తమ గురించి ఏం చెప్పగలడండీ? నిబంధనలను కాస్త మానవీయ దృక్పథంతో చూడాలి.”

భూషణం గారికి కోపం రాలేదు. తప్పుడు త్రాసు ఎదురైనప్పుడు ఆయనకు ముందు కలిగేది కుతూహలం. తప్పు ఎక్కడుందో చూడాలన్న తపన. కుర్చీలో ముందుకు జరిగి అడిగారు.

“దూరమంటే ఎలా కొలుస్తారండీ? గీత గీసినట్టు తిన్నగానా, రోడ్డు వెంటా?”

“రహదారి వెంట. మా సంస్థ పటం అలాగే చూపుతుంది. సరళరేఖలతో సంస్థకు సంబంధం లేదు.”

ఆ చివరి వాక్యం భూషణం గారి మనసులో పడిపోయింది. అప్పటికి దానితో ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

మొదటి సంప్రదింపు కోసం ఎస్తేరు గారు ఊళ్ళోని తన ఆస్పత్రికి తాళం వేసి, కారెక్కి, నలభై కిలోమీటర్ల రాయి దాటిన తరువాత మొదట కనిపించిన టిఫిను హోటల్లో కూర్చున్నారు. ఏనుగులపాలెంలో భూషణం గారు తన వరండాలో కూర్చున్నారు. ఫోను తెర మూడు గదులుగా విడిపోయింది: ఒక గదిలో రోగి, ఒక గదిలో డాక్టరు, ఆవిడ వెనుక పెనం మీద పెసరట్టు, మూడో గదిలో చిదానందం గారు.

“అంతరం సంతృప్తికరం. ఇక వైద్యం ప్రారంభించవచ్చు,” అన్నారు చిదానందం గారు. “పేస్‌మేకరు పరీక్ష అని ఉంది. కానివ్వండి.”

“పరీక్షకి బిళ్ళ ఆయన ఛాతీకి ఆనించాలండి,” అన్నారు ఎస్తేరు గారు. “ఆయన అక్కడున్నారు. బిళ్ళ నా దగ్గరుంది.”

“ఛాతీ తెర మీద కనిపిస్తోంది కదా?”

“కనిపిస్తోందండి.”

“అయితే తెరకు ఆనించండి.”

గుండె జబ్బుల శాస్త్రంలో రెండు పట్టాలు పుచ్చుకున్న ఎస్తేరు గారు, టిఫిను హోటల్లో నలుగురూ చూస్తుండగా ఆ బిళ్ళను తన ఫోనుకు ఆనించి పట్టుకున్నారు. ఇక్కడ వరండాలో భూషణం గారు, అసంకల్పితంగా, ఛాతీ కాస్త ముందుకు పెట్టారు.

“యంత్రం ఏమంటోంది?”

“లోపల పేస్‌మేకరేమీ దొరకలేదంటోందండి.”

“రోగి పూర్తిగా సహకరించలేదని నమోదు చేస్తున్నాను. అయినప్పటికీ సంప్రదింపు విధివిధానాల ప్రకారం ముగిసింది. శుభం.”

సాయంత్రం తిరిగి వచ్చిన ఎస్తేరు గారికి, ఆస్పత్రి తలుపు తాళం చూసి ఒక ముసలావిడ గుండె నొప్పితో ఆటోలోనే వెనక్కి తిరిగిపోయిందని తెలిసింది. ఆవిడ బతికింది గాని, ఎస్తేరు గారికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

“ఇంకోసారి నా వల్ల కాదండి బాబాయ్ గారూ,” అన్నారు సందులో నిలబడే. “ఇక్కడ జబ్బులన్నీ వదిలేసి నేనక్కడ సాంబారు వాసన చూస్తూ కూచోలేను.”

“వద్దమ్మా. ఇంకో దారి ఉంటుంది,” అన్నారు భూషణం గారు, ఉందో లేదో తెలియకుండానే.

ఏనుగులపాలెం గోదావరి పాయ ఒడ్డున ఉంది. ఆ ఒడ్డున తాటిలంక. రేవులో ఎక్కిన పంటు, ఎక్కినవాడు చుట్ట ముట్టించి ఆర్పేలోగా తాటిలంకలో దింపుతుంది. పంటు ఎక్కనివాడు మాత్రం గట్టు పట్టుకుని పైకి పోయి, బ్యారేజి దాటి, అవతలి గట్టు పట్టుకుని మళ్ళీ కిందికి రావాలి. మధ్యలో వంతెన ఒకటి కడుతున్నారు. కడుతున్నారు అన్న మాట ఊళ్ళో పుట్టి పదిహేనేళ్ళయింది. స్తంభాలు మాత్రం నిలబడి, వాటి మీద నీటికాకులు కాపురం పెట్టాయి.

మర్నాడు గాలి కోసం రేవుకు వెళ్ళిన భూషణం గారు అవతలి ఒడ్డు వంక చాలాసేపు చూశారు. పంటు సరంగు నూకరాజు మోకు చుడుతూ పలకరించాడు.

“ఏటండీ ఇనస్పెట్రు గారండీ, గోదారిని కూడా కొలిసేత్తన్నారా?”

“నూకరాజూ, తాటిలంకకి రోడ్డెంట వెళ్తే ఎంత దూరం?”

“ఆయ్, రోడ్డెంట ఎవడెల్తాడండీ? ఎల్లినోడు పొద్దున బయల్దేరితే మజ్జాన్నం బోయనానికి చేరతాడండి. మా బామ్మర్ది అలాగే ఎల్లి పెళ్ళికూతుర్ని చూడకండానే తిరిగొచ్చేసేడండి.”

భూషణం గారు ఫోనులో గొడుగు కంపెనీ పటం తెరిచారు. ఏనుగులపాలెం రేవు నుంచి తాటిలంక రేవుకు యాభై ఎనిమిది కిలోమీటర్లని అది నిస్సంకోచంగా చూపించింది. సరళరేఖలతో సంస్థకు సంబంధం లేదు. ఆయన ఇంటికి పరుగెత్తవలసిన మనిషే గాని, బ్యాటరీ గుర్తొచ్చి నడిచారు.

రెండో సంప్రదింపు నాడు ఎస్తేరు గారు పొద్దున్నే రోగులందరినీ చూసి, పంటెక్కి అవతలికి వెళ్ళి, రావిచెట్టు నీడన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇవతల రేవు మెట్ల మీద భూషణం గారు, పక్కన సీతారత్నం గారు. మధ్యలో గోదావరి. ఒకరికొకరు నిలువెత్తున కనిపిస్తున్నారు. చూడకూడదు కాబట్టి ఫోను తెరల వంక చూస్తున్నారు.

“అంతరం యాభై ఎనిమిది,” అన్నారు చిదానందం గారు. ఆయన గొంతులో ఆనందం దాగలేదు. “గతసారి కంటే గణనీయమైన పురోగతి.”

ఇంతలో అవతల ఒడ్డున ఒక అల వచ్చింది. సీతారత్నం గారు లేచి నిలబడి నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు.

“అమ్మాయ్, చీర కుచ్చిళ్ళు తడిసిపోతన్నాయ్, కుర్చీ వెనక్కి జరుపుకో!”

“ఆఁ, పిన్నిగారూ,” అని ఒడ్డు మీది నుంచే జవాబు వచ్చి, ఎస్తేరు గారు కుర్చీ జరుపుకున్నారు.

చిదానందం గారి ముఖం గంభీరమైంది. “ఇప్పుడు జరిగిన సంభాషణ తెర ద్వారా జరగలేదు. గాలి ద్వారా జరిగింది. గాలి సంస్థ ఆమోదించిన మాధ్యమం కాదు. ఇకపై కేకలను పరిగణించబోమని మనవి.”

సంప్రదింపు ముగిసింది. అయిదు నిమిషాల్లో ఎస్తేరు గారు పంటెక్కి వచ్చి, రేవు మెట్ల మీదే భూషణం గారి నాడి పట్టుకుని, నిజంగా చూడవలసింది చూసుకున్నారు. నాడి ఆవిడకు నచ్చలేదు.

సంగతి ఊళ్ళో పాకింది. గొడుగు కింద ఉన్నవాళ్ళు భూషణం గారొక్కరే కాదు. వారం తిరక్కుండా ఎముకల డాక్టరు తాటిలంకలో టెంటు వేశారు. చర్మం డాక్టరు పక్కన ఇంకొకటి వేశారు. పళ్ళ డాక్టరు బైనాక్యులర్సు కొనుక్కుని, ఇవతలి ఒడ్డున నోళ్ళు తెరుచుకుని బారులు తీరిన జనంలో ఎవరి దవడ ఎవరిదో పోల్చుకోవడం కష్టంగా ఉందని, ఒక్కొక్కరికీ ఒక్కో రంగు తువ్వాలు కట్టుకు రమ్మన్నారు. పొద్దున పంటులో డాక్టర్లు అవతలికి వెళ్ళేవారు. తమ లంకకు ఇన్నాళ్ళకు డాక్టర్లు వచ్చారని సంతోషించిన తాటిలంక రోగులు, ఆ డాక్టర్లకు దూరం కావడం కోసం అదే పంటు తిరుగుప్రయాణంలో ఇవతలికి వచ్చేవారు. నూకరాజు ఇంకో పంటు కొన్నాడు. రేవులో చెరుకురసం బండి వెలిసింది. మధుమేహులకు వేరే బండి.

ఈ ఉద్యమాన్ని కళ్ళారా చూడటానికి సంస్థ పై అధికారులు, సమీప దర్శనం వల్ల కలిగే ప్రమాదాన్ని లెక్క చేయకుండా, స్వయంగా వచ్చారు. రేవులో సభ జరిగింది. ఏనుగులపాలేన్ని ‘ఆదర్శ దూర గ్రామం’గా ప్రకటిస్తూ నల్లరాతి ఫలకం పాతారు. చిదానందం గారు ప్రసంగిస్తూ, “వైద్యుడూ రోగీ ఇంతగా దూరమైన ఊరు రాష్ట్రంలో మరొకటి లేదు” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. భూషణం గారికి ఒక శాలువా కప్పారు. ఆయన దాన్ని కప్పుకుని ఇంటికి వస్తూ, దారిలో రెండుసార్లు ఎవరి అరుగు మీదో కూర్చోవలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడు వంతెన పూర్తి కావడం మొదలుపెట్టింది.

ఎందుకు మొదలుపెట్టిందో ఎవరికీ అర్థం కాలేదు. పదిహేనేళ్ళు పిలిచినా పలకని కాంట్రాక్టరు లారీలతో దిగాడు. నీటికాకులు కాపురాలు ఖాళీ చేశాయి. చూస్తుండగానే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలాలు పడ్డాయి. వంతెన తెరుచుకున్న క్షణాన తాటిలంక దూరం, సంస్థ పటంలో, కిలోమీటరున్నరకు కుంచించుకుపోతుందని భూషణం గారే ఊరికి వివరించారు. ఆ సాయంత్రమే వంతెన నిరోధక ఆరోగ్య పరిరక్షణ సమితి ఏర్పడింది.

సమితివారు వెళ్ళి పనిని అడ్డుకున్నారు. వంతెన ఇంజనీరు యువకుడు. నెత్తిన పచ్చటోపీ పెట్టుకుని తెల్లబోయాడు.

“వంతెన కావాలని ఇదే జాగాలో నిరాహారదీక్ష చేసింది మీరే కదండీ?”

“అప్పుడు ఆరోగ్యంగా ఉన్నామండి,” అన్నాడు సమితి అధ్యక్షుడు.

“పోనీ, కట్టండి గానీ కలపకండి,” అన్నాడు ఇంకొకడు. “నడుమ పది గజాలు వదిలేయండి. చూడ్డానికి వంతెనలాగే ఉంటది.”

భూషణం గారు ఆ సమితిలో చేరలేదు. వంతెన తప్పని ఎలా అంటారు? అది సరళరేఖ, ఆయన జీవితమంతా నమ్మినది. కానీ ఆయనకు ఇంకా ఒక సంప్రదింపు మిగిలి ఉంది. దానికి సంస్థ ఇచ్చిన తేదీ, వంతెన ప్రారంభోత్సవం తేదీ ఒకటే. సమయం పదకొండు. రిబ్బను కత్తిరించేది పదకొండింటికే. ముందు రోజుకు మార్చమని ఎస్తేరు గారు ఫోనులో బతిమాలారు.

“చిదానందం గారూ, ఆయన నిన్న స్నానాల గదిలో తూలిపడబోయారండి. బ్యాటరీ ఏ పూటైనా ఆగిపోవచ్చు.”

“ఈ ఆందోళన సమీప దర్శన ఫలితం డాక్టర్ గారూ,” అన్నారాయన జాలిగా. “క్రమసంఖ్యకు భంగం కలిగించలేం. మీరు ఎక్కువ దూరంలో ఉండి ఉంటే మీకు ఈ భయం కలిగేదే కాదు.”

ఇక మిగిలింది ఒకే ఆశ. ప్రారంభోత్సవాలకు ముఖ్య అతిథులు వేళకు రారు. ఇది భూషణం గారు తన సర్వీసు పొడవునా శాస్త్రీయంగా పరిశీలించి నిర్ధారించిన సత్యం. పదకొండన్నది మూడుకు ముందు జరిగిన దాఖలా లేదు. సీతారత్నం గారు మాత్రం శాస్త్రాన్ని పూర్తిగా నమ్మక, అతిథి కారు టైరు పంక్చరు కావాలని కొబ్బరికాయ కొట్టారు.

ముఖ్య అతిథి పదింబావుకే వచ్చేశాడు. ప్రకృతి నియమం ఒకటి ఆ రోజు ఏనుగులపాలెంలో భంగమైంది.

రేవు మెట్ల మీద భూషణం గారు కూర్చునేసరికి వంతెన మీద మైకు మోగుతోంది. బంతిపూల తోరణాలు, షామియానా, దారి పొడవునా కార్లు. అవతల ఒడ్డున ఎస్తేరు గారు కుర్చీలోంచి చెయ్యి ఊపి, చెయ్యి ఊపకూడదని గుర్తొచ్చి దించేశారు. తెర మీద మూడో గదిలో చిదానందం గారు ప్రత్యక్షమయ్యారు.

“ఉభయులూ సిద్ధమేనా? అంతరం యాభై ఎనిమిది. ప్రారంభించండి.”

ఎస్తేరు గారు గబగబా ప్రశ్నలు అడిగారు. భూషణం గారు గబగబా జవాబులు చెప్పారు. తల తిరుగుతోందా? తిరుగుతోంది. ఊపిరి? ఆడుతోంది గానీ బరువుగా. ఆయనకు మధ్యలో ఒక వింత తోచింది. మైకులోని నాదస్వరం తనకు రెండుసార్లు వినిపిస్తోంది. వంతెన మీది నుంచి గాలిలో ఒకసారి. ఒక్క క్షణం ఆలస్యంగా, ఫోనులోంచి ఇంకోసారి. అవతల ఎస్తేరు గారి ఫోనులోంచి కాదు. ఆవిడ మాట్లాడనప్పుడు తన గది శబ్దం ఆపి ఉంచారు. మూడో గదిలోంచి. భూషణం గారు ఆ గదిని పరీక్షగా చూశారు. చిదానందం గారి చెవి వెనుక ఒక బంతిపూల దండ గాలికి ఊగుతోంది.

అంతలో వంతెన మీద చప్పట్లు మోగాయి. రిబ్బను తెగింది.

“ఆపండి,” అన్నారు చిదానందం గారు. “అంతరం ఒకటిన్నర కిలోమీటరుకు పతనమైంది. సంప్రదింపును రద్దు చేస్తున్నాను. మళ్ళీ మొదటి నుంచి...”

“ఒక్క నిమిషమండి, తమరు...” అంటూ భూషణం గారు లేచి నిలబడ్డారు.

నిలబడటానికి ఆయన సొంత గుండె చాలలేదు. ఆయన మెట్ల మీద పక్కకు ఒరిగి కూలిపోయారు. ఫోను చేతిలోంచి జారి కింది మెట్టు మీద పడింది. “అయ్యో!” అన్నారు మూడో గదిలోంచి చిదానందం గారు.

ఎస్తేరు గారు తెర వంక చూడలేదు. నది మీదుగా చూశారు. కుర్చీ తన్నేసి కొత్త వంతెన వైపు పరుగెత్తబోయి ఆగిపోయారు. ముఖ్య అతిథి కార్లు దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు నింపేసి ఉన్నాయి.

“నూకరాజూ!”

“ఎక్కేయండమ్మా,” అన్నాడతను. పంటు అప్పటికే కదులుతోంది.

ఇవతలి ఒడ్డున సీతారత్నం గారు భర్త తలను ఒళ్ళో పెట్టుకుని ఆయన చెంపల మీద తడుతూ ఉన్నారు. ఎస్తేరు గారు వచ్చి ఆయనను మెట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద మోపి నొక్కడం మొదలుపెట్టారు. దూరం సున్నా. కొలవనక్కర్లేదు. కాసేపటికి భూషణం గారి నోటి నుంచి ఒక మూలుగు వచ్చింది. అంబులెన్సు రాగానే వంతెన నిరోధక సమితి అధ్యక్షుడే ముందుకు పరుగెత్తి, కార్ల అద్దాలు బాదుతూ, జిల్లా కేంద్రానికి వంతెన మీదుగా దారి చేయించాడు.

భూషణం గారు కళ్ళు తెరిచేసరికి జిల్లా ఆస్పత్రిలో ఉన్నారు. మెడ దగ్గర నుంచి ఒక తీగ లోపలికి గుండె దాకా పోయింది. దాని ఈ చివర, మంచం పక్కన వేలాడుతున్న ఒక చిన్న పెట్టెలో దీపం గుండె తప్పినప్పుడల్లా మెరుస్తోంది.

“ఇది తాత్కాలికమండి బాబాయ్ గారూ,” అన్నారు ఎస్తేరు గారు. “ఈ తీగ ఎక్కువ రోజులు ఉంచితే లోపల చీము పడుతుంది. అనుమతి వచ్చిన గంటలో అసలుది పెట్టేస్తాను. అది రాకపోతే ఆస్పత్రివాళ్ళు నన్ను ఆపరేషను గదిలోకే రానివ్వరు.”

మర్నాడు చిదానందం గారు స్వయంగా వచ్చారు. చేతిలో బత్తాయిల సంచి.

“సంస్థ పక్షాన పరామర్శ,” అన్నారు, కుర్చీ మంచానికి దూరంగా లాక్కుని. “ఒక శుభవార్త కూడా. స్పృహ కోల్పోయిన రోగికి అత్యవసర నిబంధన వర్తిస్తుంది. దానికి దూర సంప్రదింపులతో నిమిత్తం లేదు.”

“అంటే,” అన్నారు సీతారత్నం గారు నెమ్మదిగా, “ఈయన మొదటి రోజే పడిపోయుంటే?”

“మూడు సంప్రదింపులూ తప్పేవమ్మా.”

“మాకెవరూ చెప్పలేదండి. చెప్తే పడేవారు. పెద్దవాళ్ళ మాట వింటారు ఆయన.”

చిదానందం గారు ఆ మాటను సహృదయంతో స్వీకరించారు. “కాకపోతే చిన్న లాంఛనం. స్పృహ కోల్పోయిన సంగతిని నిష్పాక్షికమైన సాక్షి ఒకరు ధ్రువీకరించాలి.”

“నేను చూశానండి,” అన్నారు ఎస్తేరు గారు.

“మీరు దగ్గరగా చూశారు. ముట్టుకున్నారు కూడా.”

“రేవులో ఊరంతా చూసిందండి.”

“ఊరంతా దగ్గరే ఉంది కదండీ. నలభై కిలోమీటర్ల అవతల నుంచి చూసినవారెవరైనా ఉంటే చెప్పండి.”

పెట్టెలో దీపం మెరిసింది, ఆగింది, మళ్ళీ మెరిసింది. సీతారత్నం గారు దాన్నే చూస్తున్నారు.

“తమరున్నారు కదండీ,” అన్నారు భూషణం గారు.

“నేనా?”

“పర్యవేక్షకులుగా తెర మీద తమరే ఉన్నారు. నేను పడుతుంటే ‘అయ్యో’ అన్నారు. అది సంస్థ పక్షానో సొంతానో నాకు తెలీదు గాని, స్పష్టంగా వినపడింది.”

“సాంకేతికంగా అప్పటికే సంప్రదింపును రద్దు చేశాను. కనుక నేను చూసినది అధికారిక హోదాలో...”

“ఆ వేళప్పుడు తమరు ఇక్కడ జిల్లా కార్యాలయంలోనే ఉన్నారు కదండీ?”

“విధినిర్వహణలో మరి ఎక్కడ ఉంటాను?”

“అదేనండి. నాకొక చిన్న సందేహం. వంతెన మీద నాదస్వరం నాకు గాలిలో ఒకసారి, తమరి ఫోనులో ఒకసారి వినపడింది. తమరి చెవి వెనకాల బంతిపూల దండొకటి ఊగింది.”

చిదానందం గారు బత్తాయిల సంచి వంక చూశారు. షామియానాలో మూడో వరస కుర్చీ, పూర్ణకుంభం, తరువాత పెట్టిన విందు, అన్నీ ఆయన ముఖంలో ఒకదాని వెనుక ఒకటి వచ్చి వెళ్ళాయి.

“మైకు గట్టిదై ఉంటుందిలెండి,” అన్నారు సీతారత్నం గారు. “ఇక్కడిదాకా వినపడుంటుంది.”

చిదానందం గారు మెల్లగా లేచి, కుర్చీని మంచం దగ్గరకు లాక్కున్నారు. ఇంకా దగ్గరకు లాక్కున్నారు. అంత దగ్గరగా ఆయన ఏ రోగి దగ్గరా కూర్చుని ఉండరు. గొంతు తగ్గింది.

“భూషణం గారూ, మనలో మన మాట. తమరు పడిపోవడం నేను చూశాను. ఈ కళ్ళతో చూశాను. అది ఎక్కడి నుంచి చూశాననేది ఇద్దరికీ ఇబ్బంది లేని విధంగా ఉంటే, సాక్షిగా నేనే సంతకం చేసి, అనుమతి ఈ పూటే ఇప్పిస్తాను.”

“తమ దయండి.”

చిదానందం గారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. కాగితం మీద ఒక చోట ఆగారు.

“దూరం దగ్గర ఖాళీ ఉంది. కొలతల శాఖలో పనిచేసినవారు, తమకే బాగా తెలుస్తుంది. ఎంత వేద్దామంటారు?”

షామియానాకూ రేవు మెట్లకూ మధ్య దూరం భూషణం గారికి తెలుసు. నాదస్వరం రెండోసారి వినపడేలోగానే ఆయన మనసు దాన్ని కొలిచేసింది: మూడు వందల అడుగులకు మించదు. ఆయన ఎస్తేరు గారి వంక చూశారు. సీతారత్నం గారి వంక చూశారు. సర్వీసు మొత్తం మీద అబద్ధపు కొలతకు ఆయన ఒక్కసారీ ముద్ర వేయలేదు. పక్కన పెట్టెలో దీపం మెరవడానికి కొంచెం ఆలోచించింది.

“తమరికి ఎంత కావాలండీ?” అన్నారు భూషణం గారు, బజారులో కొట్టువాడిలా.